శ్రీశైలానికి ఏ దిక్కున నౌక?

నాకు తెలియదు అని దేవుడి ముందు ఒప్పుకోవడానికి సిగ్గుపడని వయసు ఒకటి వస్తుంది. నాకది కాస్త ఆలస్యంగా వచ్చింది. ఈ కథ జరిగేనాటికి నాకు ఇరవై ఏళ్లు. తెలియని సంగతి అంటూ ఏదీ లేదు, ఒకవేళ ఉన్నా తెలిసినట్టు చెప్పగల గొంతు ఉండేది. ధర్మవరంలో మా పట్టుమగ్గాల వీధి భజన మందిరంలో పదేళ్ల వయసు నుంచి శనివారం తప్పకుండా కూర్చుని, పంచాంగం తాత (వీధికంతా తాతే, నాకు మాత్రం గురువు కూడా) నేర్పిన స్తోత్రాలు, మంత్రాలు, పురాణ కథలు కంఠతా పట్టాను. పగటిపూట పెనుకొండలో ఒక జిరాక్సు షాపులో పని. పొద్దున రైల్లో పోయి సాయంత్రం రైల్లో వచ్చేవాణ్ణి. గిరాకీ లేని మధ్యాహ్నాలు షాపుకు వచ్చే పేపర్లన్నీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నమిలేవాణ్ణి. ఒక చేతిలో పురాణం, ఇంకో చేతిలో దినపత్రిక ఉన్న కుర్రవాడికి లోకంలో ఇక దాగేదేముంటుంది?

మా వీధిలో సముద్రం చూసినవాళ్లు అప్పటికి ముగ్గురో నలుగురో. అలాంటి వీధి నుంచి మా పెద్దమ్మ కొడుకు నేవీలో చేరాడు. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పట్టునూలు కండెలకు చుట్టే రాట్నం ముందు పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవదు, అందుకని వీధిలో ఆమెను రాట్నం పెద్దమ్మ అనేవారు. భర్త పోయాక ఆ రాట్నం తిప్పుకుంటూనే ఒక్కగానొక్క కొడుకును పెంచింది. నేవీ అన్న తొలి సెలవుకు వచ్చినప్పుడు మందిరం మెట్ల మీద కూర్చుని, చెప్పకూడనివి వదిలేసి చెప్పగలిగినవి చెప్పాడు. నౌక పైభాగంలో మూతలున్న గుంతల్లాంటివి వరుసగా ఉంటాయట. ఆకాశంలోంచి శత్రువు విమానమో క్షిపణో డ్రోనో వస్తోందని రాడార్ పసిగడితే ఒక మూత తెరుచుకుంటుందట. అందులోంచి మన క్షిపణి నిట్టనిలువుగా లేచి, గాల్లోనే దిక్కు మార్చుకుని, వచ్చేదానికి ఎదురుపోయి దారిలోనే పడగొడుతుందట. అన్న ఆ మూతల కింద పనిచేసే బృందంలో అందరికన్నా చిన్నవాడు.

పెద్దమ్మ అంతా విని ఒకే ఒక్కటి అడిగింది. "అది పోయి ఎవుర్నన్నా కొడతాదా, వచ్చేదాన్నే కొడతాదా?"

"వచ్చేదాన్నే మా."

"అట్లయితే మంచిదేలే. వాకిలికి గడియ మాదిరి."

అంతటితో ఆగిపోవలసిన సంభాషణ. నేను ఆగనిచ్చానా? పురాణాల్లో బాణానికి బాణం అడ్డుపోయి రెండూ ఆకాశంలోనే కాలిపోవడం లేదా, ఇదీ అదే అని మొదలుపెట్టి, ఏ అస్త్రానికి ఏ అస్త్రం విరుగుడో గంటసేపు చెప్పాను. అన్న నోరు తెరుచుకుని విని, చివరికి "మా ఆఫీసర్లు గూడా ఇంత చెప్పలేదప్పా నాకు" అన్నాడు. అది మెచ్చుకోలనే అనుకున్నాను. (చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.)

ఆ మరుసటి ఏడు పంచాంగం తాతకు రెండు కళ్లకూ పొర ఆపరేషన్ చేయవలసి వచ్చింది. హిందూపురంలో కూతురి ఇంట్లో ఉండి ఒక కన్ను తరువాత ఒకటి చేయించుకుని, దీపం పొగకు దూరంగా ఎనిమిది వారాలు ఉండాలన్నారు. వెళ్తూ వెళ్తూ శనివారం పూజ నాకు అప్పగించాడు. "ఉన్నిండేది చదువు. కొత్తది ఏమీ కలపాకు" అన్నాడు. బస్సు ఎక్కాక కూడా కిటికీలోంచి తల బయటపెట్టి "కలపాకు" అన్నాడు. నన్ను బాగా ఎరిగిన మనిషి.

పూజకు ముందు సంకల్పం చెప్పుకుంటాం కదా. ఏ కాలంలో, ఏ చోట, ఎవరం కూర్చుని దేవుణ్ణి అడుగుతున్నామో విన్నవించుకోవడం. మా ధర్మవరం శ్రీశైలానికి నైరుతి దిక్కు. కనుక "శ్రీశైలస్య నైరుతి ప్రదేశే, కృష్ణా కావేర్యోర్మధ్యదేశే" అని మొదలుపెట్టి, తరువాత కోరినవాళ్ల పేర్లు, గోత్రాలు చదువుతాం. మొదటి శనివారం పెద్దమ్మ కొడుకు పేరు, గోత్రం చదివించింది. హారతి అయ్యాక నా దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పినట్టు అడిగింది.

"ఏం నాయనా, నువ్వు శ్రీశైలానికి నైరుతి అంటివి. అది మనముండే చోటు. వాడు ఈడ లేడు గదా. దేవుడు ఈడ వెతికితే వాడు యాడ దొరుకుతాడు?"

తాత ఉంటే ఒక్క మాటతో సరిపెట్టేవాడు. నాకు మాత్రం ఇంతకాలం ఏ పండితుడికీ తోచని సందేహమని ఒళ్లు పులకరించింది. ఫలం మందిరానికి వచ్చి పడి, అన్నకు చేరకుండా పోతోందన్నమాట! "వచ్చే వారం నుంచి అన్న ఉండే చోటు గూడా కలుపుతా పెద్దమ్మా" అన్నాను. కలుపుతా అన్న ఆ మాట నోట్లోంచి వస్తుంటే బస్సు కిటికీలోని తల గుర్తుకు రాకపోలేదు. కానీ పెద్దమ్మ ముఖం చూశాక ఆ తలను పక్కకు తోశాను.

అన్నకు వాట్సాప్‌లో కాల్ చేసి యాడుండావన్నా అని అడిగాను.

"చెప్పగూడదు రా."

"ఊరికే కాదన్నా, దేవునికోసం."

"దేవునికి నేనే చెప్పుకుంటాలే" అని పెట్టేశాడు.

చెప్పకూడదంటే చాలా దూరంలో ఉన్నట్టే అని తేల్చుకున్నాను. పైగా పేపర్లలో అప్పుడు నేవీ వార్తలు తరచుగా వచ్చేవి. మన నౌకలు ఎక్కడెక్కడి సముద్రాలకో పోతున్నాయి, సరుకు ఓడలకు కాపలాగా నడుస్తున్నాయి, మనం పేరు కూడా పలకలేని రేవుల్లో జెండా ఎగరేస్తున్నాయి. తెల్లటి పొగ స్తంభం మీద నిలువుగా లేస్తున్న క్షిపణి బొమ్మలు. ఏ బొమ్మలో ఏ నౌక కనిపించినా అది మా అన్నదే. ఇంకెవరిదవుతుంది?

షాపులో దేశానికో బొమ్మ వేసిన ప్రపంచ పటాన్ని నాలుగు పెద్ద కాగితాల మీద జిరాక్సు తీసి, అంటించి, మందిరం గోడకు వేలాడదీశాను. అన్న నౌక ఉన్నచోట కుంకుమ బొట్టు పెట్టాను. రెండో శనివారం గంభీరంగా "శ్రీశైలస్య పశ్చిమ దిగ్భాగే, సముద్ర మధ్యే, నౌకాయాం స్థితస్య" అని కొత్త సంకల్పం ఎత్తుకున్నాను. (ఆ సంస్కృతం నా సొంత తయారీ. తప్పులుంటే దేవుడితో నేను తేల్చుకుంటాను.) అరేబియా సముద్రమని విన్న పెద్దమ్మ ఆ రోజే వక్కాకు మానేసింది. కొడుకు నేల మీద కాలు పెట్టేదాకా నోట్లో వక్క పెట్టనంది. వీధి ఆడవాళ్లు దేవుడికి హారతి ఇచ్చాక పటానికి కూడా ఇచ్చారు. మరుసటి వారానికి దానికి కనకాంబరాల దండ కూడా పడింది.

మూడో శనివారం చిన్న పొరపాటు జరిగింది. ఎర్ర సముద్రంలో పెట్టబోయి బొట్టు కొంచెం పక్కన పెట్టాను. జిరాక్సులో నీళ్లూ తెలుపే, నేలా తెలుపే. ఎవరికి తెలుస్తుంది? కానీ మా చిన్నాయన ఉన్నాడు. నలభై ఏళ్లు మగ్గం నేసినవాడు, పన్నెండు మూరల చీరలో ఒక్క పోగు తప్పితే వాకిట్లో నిలబడి చెప్పగలడు. పటానికి ముక్కు ఆనించి చూసి, "ఏమప్పా, ఈ గీతకు ఈ పక్క ఒంటెల బొమ్మ వేసినారు. నీళ్లల్లో ఒంటెలుంటాయా? మనవాని నౌక నేలెక్కిండాది చూడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం ముఖం గంటు పెట్టుకుని "ఆటుపోటులో అట్ల కనిపిస్తాది చిన్నాయనా" అన్నాను. పటంలో ఆటుపోట్లు కనిపించడమేమిటో ఇప్పటికీ నాకు తెలియదు.

నాలుగో శనివారం నౌకను మధ్యధరా సముద్రానికి పంపాను. అక్కడి నుంచి మనకు ఎంత దూరమని పెద్దమ్మ అడిగింది. జానలతో కొలిచి చూపించాను. ఆ రోజు నుంచి ఆమె రాత్రి అన్నం మానేసింది. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది. రాలేదు. ఆ వారమే పేపర్లో సరుకు ఓడల మీదికి డ్రోన్లు పంపుతున్నారని, మన నౌకలు కాపలాకు వెళ్తున్నాయని చదివాను. అన్న చేసే పని అదే కదా! అయిదో శనివారం ఎర్ర సముద్రానికి నౌకను వెనక్కి తెచ్చి, డ్రోన్ల మధ్య నిలబెట్టి, మూత తెరుచుకోవడం దగ్గర నుంచి పొగ దాకా కళ్లకు కట్టినట్టు వర్ణించాను. నా గొంతు నాకే ఎంత బాగుందో!

మరునాడు పెద్దమ్మ ఇంటికి పోతే ఉప్పులేని సంగటి తింటోంది.

"ఇదేంది పెద్దమ్మా?"

"వాడు ఉప్పునీళ్ల నడుమ ఉండాడు. నాకు ఉప్పెందుకు నాయనా" అంది, ఎంతో మామూలుగా.

నిజం చెప్పకుండానే లేచి ఇంటికి వచ్చేశాను. దానికి తోడు ఆ వారమే అన్న తల్లికి ఫోన్ చేశాడు. మాటల వెనక టంగు టంగుమని సుత్తి దెబ్బల్లాంటి చప్పుడు. ఏందిరా ఆ చప్పుడు అంటే "పని మా, చెప్పగూడదు" అన్నాడట. అది ఏమిటని పెద్దమ్మ నన్ను అడిగింది. క్షిపణుల సాధన అని చెప్పాను. (అప్పుడు నేను మౌనంగా ఉండి ఉంటే ఎంత బాగుండేది. మౌనం నాకు ఎవరూ నేర్పని స్తోత్రం.) ఆరో శనివారం దాటిన మంగళవారం ఆమె రాట్నం ముందే కళ్లు తిరిగి ఒరిగిపోయింది. చేతిలో నూలు తెగలేదు కానీ, నా లోపల ఏదో తెగింది.

భయపడి ఏం చేశానంటే, ఏడో శనివారం నౌకను ఆగమేఘాల మీద వెనక్కి రప్పించాను. ఒక్క వారంలో బొట్టు కొచ్చి దగ్గరికి వచ్చేసింది. చిన్నాయన ముక్కు పటం దగ్గరికి పోయింది. "పోయేటప్పుడు మూడు వారాలు పట్టె. వచ్చేటప్పుడు ఇంత బిరీన ఎట్ల వచ్చిందబ్బా?"

"గాలి వాలు" అన్నాను.

"తెరచాపా ఏమి?" అన్నాడు చిన్నాయన.

ఇంత చేసినా పెద్దమ్మ ఉప్పు ముట్టలేదు. "ఇల్లు చేరేదాకా మొక్కు మొక్కే" అంది. ఇక తట్టుకోలేక ఆ శుక్రవారం పెనుకొండలో దిగకుండా అదే రైల్లో హిందూపురం పోయాను. పంచాంగం తాత నల్లద్దాలు పెట్టుకుని వాకిట్లో కుర్చీలో కూర్చున్నాడు. కాళ్ల దగ్గర కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఒంటెల దగ్గర తాత భుజాలు కదిలాయి. తెరచాప దగ్గర గట్టిగానే నవ్వి, కళ్లు మంటపుట్టి, కూతురిచేత చుక్కలు వేయించుకున్నాడు. ఉప్పు సంగతి రాగానే నవ్వు ఆగిపోయింది.

"సంకల్పంలో చెప్పేది ఎవురి చోటురా? అడిగేవాని చోటు. నువ్వు యాడుండి అడుగుతాండావో అది చెప్పు, సాలు. అన్న అడ్రసు నువ్వు చెప్తే గాని దేవునికి తెలీదా?"

తాత నల్లద్దాలు సవరించుకున్నాడు.

"ఇప్పుడు నువ్వు యాడుండావో చెప్పు."

"హిందూపురంలో, తాతా."

"కాదు. ఏడు సముద్రాల అవతల తిరుగుతాండావు. ముందు ఇంటికి రా. పోయి పెద్దమ్మకు ఉన్నిండేది చెప్పు. ఏమీ కలపాకు."

ఆ సాయంత్రం రైలు పెనుకొండ కొండ పక్కగా పోతుంటే, ఈ కొండ కాస్త మీద పడితే ధర్మవరం పోయే పని తప్పుతుంది కదా అనిపించింది. కొండ తన చోట తాను ఉంది. తన చోట ఉండడం దానికి బాగా తెలుసు.

పెద్దమ్మ రాట్నం ఆపలేదు. నేను చెప్పడం అయ్యాక, "అయితే వాడు యాడుండాడో నీకు తెలీదు" అంది.

"తెలీదు పెద్దమ్మా."

"నాకూ తెలీదు." కండె మార్చింది. "తెలీనప్పుడు మొక్కెట్ల మానేది? ఎర్ర సముద్రంలో లేడంటివి, సరే. దానికన్నా చెడ్డచోట లేడని చెప్తావా?"

తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికి వచ్చి అన్నకు అంతా రాసి పంపాను. పటం, బొట్టు, వక్కాకు, రాత్రి అన్నం, ఉప్పు, కళ్లు తిరగడం. క్షమించమని రాయడానికి కూడా ముఖం లేక, ఆ మాట చెరిపేసి, మళ్లీ రాశాను.

ఎనిమిదో శనివారం సంకల్పానికి కూర్చోబోతుండగా పెద్దమ్మ ఫోను మోగింది. ఆమెకు ఏది నొక్కాలో తెలియక ఎప్పుడూ స్పీకరే. వీధి వీధంతా వింటుండగా అన్న గొంతు.

"మా! ముందు ఉప్పేసుకుని అన్నం తిను. నేను యాడికీ పోలేదు మా. విశాఖలోనే ఉండా. నౌకకు రిపేరు జరుగుతాండాది."

"ఎప్పట్నుంచిరా?"

"నాలుగు నెల్లయింది. తుప్పు గీకతాండా మా. టంగు టంగు అని నువ్వు విన్నిండేది అదే."

"అలలు ఎక్కువగా ఉండాయా ఆడ?"

"అలలు యాడివి మా? నౌక నీళ్లల్లోనే లేదు. డాకు అంటే పెద్ద తొట్టి, దాంట్లో నీళ్లన్నీ తోడేసి, అడుగున దిమ్మెలపైన నిలబెట్టినారు. మన చిత్రావతి ఏరు మాదిరి, చుక్క నీళ్లు లేవు."

చిన్నాయన మెల్లగా పటం దగ్గరికి పోయి, ఒంటెల పక్కనున్న మూడో వారం బొట్టు మీద వేలు పెట్టి, "నేను చెప్పలే, నేలెక్కిండాదని?" అన్నాడు. ఆ నవ్వు ఆగడానికి ఎంతసేపు పట్టిందో నాకు లెక్క తెలియదు, నేను స్తంభం వెనక ఉన్నాను. మొత్తం ఆరు వారాల్లో నేను నిజం చెప్పింది ఆ ఒక్క వారమే. అదీ పొరపాటున.

నవ్వులు తగ్గాక పెద్దమ్మ ఫోను దగ్గరికి తీసుకుని అడిగింది. "ముందే చెప్తే ఏమిరా నీకు? ఇది గూడా చెప్పగూడదా?"

అన్న గొంతు చిన్నబోయింది. "సముద్రాలు దాటిపోతానని చెప్పి వస్తి గదా మా. నేల మీద తుప్పు గీకతాండానంటే వీధిలో నవ్వుతారని..."

"నీ వయసుకు తుప్పేరా గీకేది. గడియకు తుప్పు పడితే వాకిలి మూసేదెట్ల? బాగా గీకు" అంది పెద్దమ్మ. ఆ గొంతులో కోపం వెతికినా దొరకలేదు. స్తంభం వెనక నేను, డాకులో అన్న, ఇద్దరం ఒకే జబ్బుతో ఉన్నామని అప్పుడు అర్థమైంది. అన్న తనున్న చోటు చెప్పడానికి సిగ్గుపడ్డాడు, నేను తెలియదని చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఆ రెండు సిగ్గుల మధ్య ఒక తల్లి ఉప్పు లేకుండా తింది.

శిక్ష అక్కడికక్కడే పడింది. "నేను మూడు వారాలు ఉప్పు మానుకున్యా. ఇంగ నీ వంతు" అంది. మా అమ్మ ఆ తీర్పును ఎంత శ్రద్ధగా అమలు చేసిందంటే, పచ్చడి గిన్నె నా కంచం వైపు వస్తే దారిలోనే పడగొట్టేది. పటం తీసేస్తానంటే పెద్దమ్మే వద్దంది. ఆ పూట సంకల్పం నన్నే చెప్పమంది. నైరుతి అంటుండగా పటం వైపు చూశాను. విశాఖ శ్రీశైలానికి ఈశాన్యం. ధర్మవరం నైరుతి. కొండకు ఆ చివర కొడుకు, ఈ చివర తల్లి, సరిగ్గా ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో మల్లన్న. ఇన్ని వారాలూ నేను సముద్రాల్లో వెతికింది ఆయన రెండు చేతుల మధ్యే ఉంది.

తరువాతి ఏడు రంగులేసుకున్న నౌక నిజంగానే సముద్రాలు దాటింది. ఎంత దూరం పోయిందో, ఆ మూతలు ఎప్పుడైనా తెరుచుకున్నాయో లేదో అన్న చెప్పలేదు, పెద్దమ్మ అడగలేదు. వక్కాకు మాత్రం మళ్లీ మానేసింది. నేను కూడా, ఎవరికీ చెప్పకుండా, ఉప్పు మానేశాను. అన్న తిరిగి వచ్చిన రోజు ఆమె నా కంచంలో ఉప్పు గిన్నె పెట్టి "తిను" అంది. ఎలా తెలిసిందో నేనూ అడగలేదు.

పంచాంగం తాత పోయాక శనివారం పూజ నాకే వచ్చింది. జుట్టు పక్కల నెరుస్తోంది. పొద్దున పేపర్లో పొగ స్తంభం మీద లేస్తున్న క్షిపణి బొమ్మ, దూరదేశపు రేవులో మన నౌక బొమ్మ కనిపిస్తే ఇప్పటికీ కాసేపు ఆగి చూస్తాను. ఎవరి పెద్దమ్మ కొడుకో అనుకుని, పేజీ తిప్పేస్తాను. సాయంత్రం సంకల్పంలో "శ్రీశైలస్య నైరుతి ప్రదేశే" దాకా వచ్చి, ఊపిరి కోసం ఒక్క క్షణం ఆగుతాను. ఆ ఒక్క క్షణానికే ముందు వరసలోంచి, చూపు తగ్గినా చెవి తగ్గని పెద్దమ్మ గొంతు వినిపిస్తుంది.

"ఆడికే నిలుపుకో నాయనా. నీళ్లల్లోకి దిగాకు."